లౌడ్‌స్పీకరు అవరోధం: యాంప్లిఫయరు, బాక్సుల జోడింపు (గోదావరి డెల్టా మైకు సెట్ల వాడుకతో)

యాంప్లిఫయరు పంపే ఏకాంతర విద్యుత్తుకు లౌడ్‌స్పీకరు కలిగించే మొత్తం అడ్డును అవరోధం అంటారు. సౌండ్ ఆపరేటర్లు దీన్ని ఇంపీడెన్స్ అనో, ఒట్టి ‘ఓమ్స్’ అనో పిలుస్తారు. బాక్సు వెనక ముద్రించి ఉండే 4, 8, 16 అంకెలు దాని విలువలే. ఒక యాంప్లిఫయరుకు ఎన్ని బాక్సులు కలపవచ్చో, ఏ పద్ధతిలో కలపవచ్చో వాట్ల కన్నా ముందు ఈ అంకె తేలుస్తుంది.

గోదావరి డెల్టాలో రెండు రకాల ఏర్పాట్లు పక్కపక్కనే నడుస్తున్నాయి. కల్యాణ మండపాల్లో, వేదికల మీద 4, 8 ఓమ్‌ల బాక్సులు వాడతారు. తీర్థాల్లో, వీధుల్లో, కాలువ గట్ల వెంట హారన్లు కట్టి 100 వోల్టుల లైను లాగుతారు. రెండూ ఒకే ఓమ్ సూత్రం మీద నడిచినా జోడించే లెక్కలు వేరు. ఎక్కడ ఏది తగునో ప్రధానంగా దూరం నిర్ణయిస్తుంది.

చరిత్ర

నిరోధానికీ విద్యుత్ ప్రవాహానికీ ఉన్న సంబంధాన్ని జర్మన్ శాస్త్రవేత్త గేయార్గ్ ఓమ్ 1827లో ప్రకటించాడు. ఏకాంతర విద్యుత్తుకు వర్తించేలా అవరోధం అనే భావనను 1886లో ప్రవేశపెట్టినవాడు ఇంగ్లండుకు చెందిన ఆలివర్ హెవిసైడ్. 1915లో అమెరికాలో పీటర్ జెన్సెన్, ఎడ్విన్ ప్రిధమ్ కదిలే కాయిల్‌కు బాకా తగిలించి బహిరంగ సభల లౌడ్‌స్పీకరుకు దారి వేశారు. 1925లో చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ రూపొందించిన కోను స్పీకరే నేటి బాక్సులకు మూలం.

1940లో మొదలైన అహూజా సంస్థ యాంప్లిఫయర్లు, హారన్లు తర్వాతి కాలంలో దేశమంతటా మైకు సెట్లవారికి పరిచితమయ్యాయి. వాల్వుల స్థానంలో ట్రాన్సిస్టర్లు వచ్చాక యాంప్లిఫయర్ల బరువు తగ్గింది. కానీ అవరోధం విషయంలో పాటించాల్సిన జాగ్రత్తలు మారిపోయాయి.

నిరోధం, అవరోధం

స్పీకరులో అయస్కాంతపు సందులో వేలాడే తీగచుట్టను వాయిస్ కాయిల్ అంటారు. మల్టీమీటరు చూపేది ఆ తీగ నిరోధాన్ని మాత్రమే. 8 ఓమ్‌ల స్పీకరుకు అది సాధారణంగా 5.5 నుంచి 6.5 ఓమ్‌ల మధ్య ఉంటుంది. పాట నడిచేటప్పుడు దీనికి మరో రెండు అంశాలు తోడవుతాయి. మొదటిది కాయిల్ ప్రేరకత్వం; పౌనఃపున్యం పెరిగేకొద్దీ అడ్డు పెరుగుతుంది. రెండోది కోను కదలిక వల్ల కాయిల్‌లో పుట్టే ఎదురు వోల్టేజి. కోను తన సహజ పౌనఃపున్యం దగ్గర సులువుగా ఊగుతుంది. అక్కడ ఎదురు వోల్టేజి ఎక్కువై, 8 ఓమ్‌ల స్పీకరు అవరోధం 30, 40 ఓమ్‌లు దాటిపోవచ్చు.

కాబట్టి బాక్సు మీది అంకె స్థిరమైన విలువ కాదు, ప్రామాణికంగా పెట్టుకున్న విలువ. అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60268-5 ప్రకారం స్పీకరు పనిచేసే పరిధిలో ఎక్కడా అవరోధం ఆ అంకెలో 80 శాతానికి తగ్గకూడదు. 8 ఓమ్‌లకు 6.4, 4 ఓమ్‌లకు 3.2 అడుగు హద్దులు.

బాక్సు కూడా ఈ రేఖను మారుస్తుంది. పూర్తిగా మూసిన బాక్సులో అవరోధం ఒకచోట శిఖరంలా లేస్తుంది. రంధ్రం ఉన్న బేస్ బాక్సులో రెండు శిఖరాలు, వాటి మధ్య ఒక పల్లం ఏర్పడతాయి. ఆ పల్లం బాక్సును ట్యూన్ చేసిన పౌనఃపున్యం దగ్గర ఉంటుంది. అక్కడ అవరోధం కాయిల్ నిరోధానికి దగ్గరగా దిగుతుంది, యాంప్లిఫయరు మీద బరువు పెరుగుతుంది. ఈ ప్రవర్తనను లెక్కకట్టే పద్ధతిని ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లో ప్రతిపాదించగా, 1970లలో రిచర్డ్ స్మాల్ విస్తరించాడు.

ఒకే బాక్సులో 8 ఓమ్‌ల బేస్ స్పీకరు, 8 ఓమ్‌ల ట్వీటరు ఉంటే మొత్తం 4 ఓమ్‌లు అవుతుందనుకోవడం పొరపాటు. క్రాసోవరు వాటికి వేర్వేరు పౌనఃపున్యాలు పంచి ఇస్తుంది గనుక మొత్తం 8 దగ్గరే ఉంటుంది. అయితే కాలిపోయిన ట్వీటరు స్థానంలో వేరే ఓమ్‌లది వేస్తే క్రాసోవరు విడదీసే చోటు జరిగిపోతుంది. కెపాసిటరు ఒక్కటే ఉన్న సాదా క్రాసోవరులో 8కి బదులు 4 ఓమ్‌ల ట్వీటరు పెడితే ఆ పౌనఃపున్యం రెట్టింపవుతుంది. రీకాయిల్ చేయించేటప్పుడు అసలు కాయిల్ ఓమ్‌లనే అడగాలనడానికి కారణం ఇదే.

యాంప్లిఫయరు మీద పడే బరువు

ట్రాన్సిస్టరు యాంప్లిఫయరు వోల్టేజిని నిలబెడుతుంది. స్పీకరు తన అవరోధాన్ని బట్టి కరెంటు లాక్కుంటుంది. 8 ఓమ్‌ల దగ్గర 200 వాట్లు ఇచ్చే యాంప్లిఫయరును తీసుకుంటే, దాని వోల్టేజి 40, కరెంటు 5 ఆంపియర్లు. అదే వోల్టేజికి 4 ఓమ్‌ల బరువు 10 ఆంపియర్లు, 2 ఓమ్‌ల బరువు 20 ఆంపియర్లు లాగుతుంది. కాగితం మీద వాట్లు 400కు, 800కు పెరుగుతాయి. నిజానికి ట్రాన్స్‌ఫార్మరు, కెపాసిటర్లు, ట్రాన్సిస్టర్లు అంత కరెంటును మోయలేవు గనుక వాట్లు పూర్తిగా రెట్టింపు కావు. వేడి మాత్రం పెరుగుతూనే ఉంటుంది.

తయారీదారు ‘కనీసం 4 ఓమ్‌లు’ అని చెబితే దాని అర్థం 4, 8, 16 ఏదైనా పెట్టవచ్చని, 4 కన్నా తగ్గకూడదని. 16 ఓమ్‌లు పెడితే వాట్లు తగ్గుతాయి, నష్టం జరగదు. 2 ఓమ్‌లు పెడితే ప్రొటెక్షన్ పడి శబ్దం ఆగిపోతుంది. ప్రొటెక్షన్ లేని పాత సెట్టులో అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు కాలిపోతాయి. ట్రాన్సిస్టర్లు లఘువలయంగా మారి కాలిపోతే బాక్సుకు నేరుగా ఏకముఖ విద్యుత్తు అంది వాయిస్ కాయిల్ కూడా పోవచ్చు.

వాల్వు యాంప్లిఫయర్ల తీరు వేరు. వాటిలో అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు 4, 8, 16 ట్యాపులుగా విడిపోయి ఉంటుంది. ఏ ట్యాపుకు ఆ బాక్సే కలపాలి. బాక్సు తగిలించకుండా నడిపితే ట్రాన్స్‌ఫార్మరులో ఎక్కువ వోల్టేజి పుట్టి చుట్టలు చెడిపోవచ్చు. ట్రాన్సిస్టరు యాంప్లిఫయరుకు లఘువలయం ప్రమాదం, వాల్వు యాంప్లిఫయరుకు ఖాళీ వలయం ప్రమాదం. గిటారు వాయించేవారు వాల్వు యాంప్లిఫయర్లను ఇప్పటికీ ఇష్టపడతారు కాబట్టి ఈ తేడా నేటికీ ముఖ్యమైనదే.

బాక్సులు కలిపే పద్ధతులు

డీజే, స్టేజి బాక్సుల వెనక ఉండే ఇన్, అవుట్ సాకెట్లు లోపల ఒకదానికొకటి కలిసే ఉంటాయి. ఒక బాక్సు నుంచి ఇంకో బాక్సుకు వైరు లాగితే అది సమాంతర కలయిక, అంటే పారలల్. పంట కాలువకు తూము మీద తూము తెరిచినట్టే, ప్రతి కొత్త బాక్సు అదే వోల్టేజి నుంచి తన వాటా కరెంటు తీసుకుంటుంది. ఆ మొత్తం యాంప్లిఫయరు ఇవ్వాల్సిందే. అందుకే బాక్సులు పెరిగేకొద్దీ ఓమ్‌లు తగ్గుతాయి. తరచుగా ఎదురయ్యే కలయికలు ఇవి:

రెండు 16 ఓమ్‌లు పారలల్: 8
రెండు 8 ఓమ్‌లు పారలల్: 4
మూడు 8 ఓమ్‌లు పారలల్: 2.67
నాలుగు 8 ఓమ్‌లు పారలల్: 2
రెండు 4 ఓమ్‌లు పారలల్: 2
ఒక 8, ఒక 4 పారలల్: 2.67
రెండు 8 ఓమ్‌లు సిరీస్ (ఒకదాని వెనక ఒకటి): 16
నాలుగు 8 ఓమ్‌లు, రెండేసి సిరీస్‌లో, ఆ జతలు పారలల్‌లో: 8

రెండు 18 అంగుళాల స్పీకర్లున్న డబుల్ బేస్ బాక్సులో సాధారణంగా రెండు 8 ఓమ్‌ల స్పీకర్లు పారలల్‌లో ఉంటాయి. కాబట్టి ఆ బాక్సు ఒక్కటే 4 ఓమ్‌లు. అలాంటివి రెండు కలిపితే 2కు దిగుతుంది. పైకి రెండే బాక్సులు కనిపిస్తాయి గాని ఛానెల్ మీద నాలుగు స్పీకర్లు ఉన్నాయని గుర్తుంచుకోవాలి.

వేర్వేరు ఓమ్‌ల బాక్సులు పారలల్‌లో కలిస్తే వాట్లు సమంగా పంచుకోవు. 4, 8 కలిపినప్పుడు మొత్తం శక్తిలో మూడింట రెండు వంతులు 4 ఓమ్‌ల బాక్సు తీసుకుంటుంది. సిరీస్‌లో ఇది తలకిందులవుతుంది. పైగా సిరీస్‌లో ఒక కాయిల్ తెగితే రెండూ మూగబోతాయి; ఒకదాని అవరోధపు హెచ్చుతగ్గులు రెండోదాని శబ్దాన్ని మారుస్తాయి. అందుకే సిరీస్ వాడాల్సి వస్తే అన్నీ ఒకే రకం స్పీకర్లై ఉండాలి.

యాంప్లిఫయరు రెండు ఛానెళ్లను కలిపి బ్రిడ్జి చేసినప్పుడు ఒక్కో ఛానెల్‌కు బాక్సు ఓమ్‌లలో సగమే కనిపిస్తుంది. ఛానెల్‌కు కనీసం 4 ఓమ్‌లు అని ఉంటే బ్రిడ్జిలో కనీసం 8 ఉండాలి. బ్రిడ్జి మీద 4 ఓమ్‌ల డబుల్ బేస్ పెట్టడమంటే ఒక్కో ఛానెల్‌కు 2 ఓమ్‌లు పెట్టడమే.

వైరు తినే వాట్లు

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక అల్లుకున్న కాలువల వెంట డెల్టాలో ఎన్నో ఊళ్లు గట్టు పొడవునా సాగి ఉన్నాయి. గుడి దగ్గర యాంప్లిఫయరు పెట్టి ఊరి చివరి దాకా వైరు లాగితే వందల మీటర్లవుతుంది. రాగి వైరు 1 చదరపు మిల్లీమీటరు మందంతో 100 మీటర్ల దూరం వెళ్తే, పోనూ రానూ 200 మీటర్ల తీగ. దాని నిరోధం సుమారు 3.4 ఓమ్‌లు.

ఈ వైరు చివర పైన చెప్పిన 40 వోల్టుల యాంప్లిఫయరుతో 8 ఓమ్‌ల బాక్సును నడిపితే, 200 వాట్లు అందాల్సిన చోట 98 వాట్లే అందుతాయి. వైరు 42 వాట్లను వేడిగా మారుస్తుంది. 4 ఓమ్‌ల బాక్సు పెడితే పరిస్థితి ఇంకా దిగజారుతుంది. 400 వాట్లకు బదులు 117 వాట్లు దొరుకుతాయి, వైరులో దాదాపు 99 వాట్లు పోతాయి. మందం 2.5 చదరపు మిల్లీమీటర్లకు పెంచితే వైరు నిరోధం 1.4 ఓమ్‌లకు తగ్గుతుంది, ఖర్చు పెరుగుతుంది.

పొడవాటి వైరు బేస్‌ను కూడా చెడగొడుతుంది. యాంప్లిఫయరు కోనును అదుపులో ఉంచే సామర్థ్యాన్ని డ్యాంపింగ్ ఫ్యాక్టర్‌తో కొలుస్తారు. 8 ఓమ్‌ల బాక్సుకు మంచి యాంప్లిఫయరులో అది 200 పైనే ఉండవచ్చు. 3.4 ఓమ్‌ల వైరు మధ్యలో చేరగానే 3 కన్నా తక్కువకు పడిపోతుంది. డప్పు దెబ్బ తెగినట్టు కాకుండా సాగినట్టు వినిపిస్తుంది. అందుకే బేస్ బాక్సుల దగ్గరే యాంప్లిఫయరు ర్యాకు పెట్టి, మిక్సరు నుంచి సిగ్నల్ వైరు మాత్రం దూరం లాగడం మంచి పద్ధతి.

100 వోల్టుల లైను

దూరం వల్ల వచ్చే నష్టానికి విద్యుత్ సరఫరా సంస్థలు వాడే ఉపాయమే ఇక్కడా పనిచేస్తుంది: వోల్టేజి పెంచి కరెంటు తగ్గించడం. యాంప్లిఫయరు పూర్తి శక్తితో ఉన్నప్పుడు లైనులో 100 వోల్టులు ఉండేలా చేసి, ప్రతి హారను దగ్గర చిన్న లైను ట్రాన్స్‌ఫార్మరు బిగిస్తారు. ట్రాన్స్‌ఫార్మరు మీద 5, 10, 20, 30 వాట్ల వంటి ట్యాపులుంటాయి. హారన్లన్నీ పారలల్‌లోనే కడతారు.

ఇక్కడ ఓమ్‌లు కూడే పని లేదు, వాట్లు కూడితే చాలు. 20 వాట్ల ట్యాపు మీద 10 హారన్లు ఉంటే మొత్తం 200 వాట్లు. వాటి ఉమ్మడి అవరోధం 50 ఓమ్‌లు. యాంప్లిఫయరు సామర్థ్యంలో 80 శాతం దాటకపోవడం మంచిది కాబట్టి దీనికి 250 వాట్ల యాంప్లిఫయరు సరిపోతుంది. అదే 100 మీటర్ల, 1 చదరపు మిల్లీమీటరు వైరు చివర ఈ బరువంతా ఉన్నా 200 వాట్లలో 175 వాట్లు హారన్లకు చేరతాయి, వైరులో పోయేది 12 వాట్లే.

ట్రాన్స్‌ఫార్మరు లేని హారను డ్రైవరు యూనిట్లు ఎక్కువగా 16 ఓమ్‌లవి. అలాంటివి రెండు పారలల్ చేసి యాంప్లిఫయరు 8 ఓమ్‌ల ట్యాపుకు, నాలుగైతే 4 ఓమ్‌ల ట్యాపుకు కలపవచ్చు. ఒకసారికి ఒక ట్యాపునే వాడాలి. 100 వోల్టుల లైనుకు ట్రాన్స్‌ఫార్మరు లేని 8 ఓమ్‌ల బాక్సు పొరపాటున తగిలిస్తే అది 1,250 వాట్లు లాగబోతుంది. యాంప్లిఫయరో, కాయిలో ఒకటి పోతుంది. తలకిందులుగా, 100 వాట్ల యాంప్లిఫయరు 8 ఓమ్‌ల ట్యాపుకు 100 వోల్టుల హారను తగిలిస్తే దానికి 28 వోల్టులే అందుతాయి, శక్తి 8 శాతానికి పడిపోతుంది. ఏమీ కాలదు గాని హారను గొంతు పెగలదు.

లైను ట్రాన్స్‌ఫార్మరుకు ఒక బలహీనత ఉంది. తక్కువ పౌనఃపున్యాల దగ్గర దాని ఇనుప కోరు నిండిపోతుంది. అప్పుడు అవరోధం ఒక్కసారిగా కూలి యాంప్లిఫయరు మీద లఘువలయం లాంటి బరువు పడుతుంది. ప్రసంగం బాగా నడిచిన సెట్టు బేస్ ఎక్కువున్న సినిమా పాటకు ఉక్కిరిబిక్కిరి అయ్యేది ఇందుకే. హారన్లు ఎలాగూ అంత కింది స్వరాలను పలికించలేవు కాబట్టి మిక్సరులో లో-కట్ నొక్కి వాటిని ముందే తీసేయాలి.

డెల్టా సందర్భాలు

కనుమ నాడు అంబాజీపేట మండలం మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటలో 11 గ్రామాల ప్రభలు కొలువుదీరతాయి. మాఘమాసంలో అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామి కల్యాణం, రథోత్సవం జరుగుతాయి. 2015 జులై 14 నుంచి 25 వరకు జరిగిన గోదావరి పుష్కరాల్లో రాజమహేంద్రవరం ఘాట్లకు జనం పోటెత్తారు. ఇలాంటి చోట్ల మైకు ప్రధానమైన పని మాట వినిపించడం: తప్పిపోయిన పిల్లల కబురు, దారి మళ్లింపు, హెచ్చరిక. దీనికి తక్కువ ట్యాపు మీద దగ్గర దగ్గరగా కట్టిన హారన్లు తగినవి.

హారను శక్తిని శబ్దంగా మార్చడంలో కోను స్పీకరు కన్నా ఎంతో మెరుగు. కోను స్పీకర్లు ఒకటి రెండు శాతం విద్యుత్తునే శబ్దంగా మారిస్తే, హారన్లు అంతకు అనేక రెట్లు మారుస్తాయి. ఒక వాటుకు ఒక మీటరు దూరంలో 107 డెసిబెళ్లు ఇచ్చే హారనుకు 30 వాట్లు పంపితే, ఆరుబయట 100 మీటర్ల దూరాన సుమారు 82 డెసిబెళ్లు వినిపిస్తుంది. 97 డెసిబెళ్ల బాక్సుతో అదే చోట 72 మాత్రమే. అయితే హారన్ల మధ్య దూరం పెరిగితే మాట గజిబిజి అవుతుంది. శబ్దం 100 మీటర్లు నడవడానికి దాదాపు 0.3 సెకన్లు పడుతుంది కాబట్టి దూరపు హారను మాట ప్రతిధ్వనిలా వెనకబడుతుంది.

పెళ్లి మండపం, పౌరాణిక నాటకం, చర్చి కూడిక వంటి చోట్ల వినేవారు వేదికకు దగ్గరగా ఉంటారు. అక్కడ పాటకు కావలసిన బేస్, పద్యానికి కావలసిన స్పష్టత 4, 8 ఓమ్‌ల బాక్సులే ఇవ్వగలవు. వైరు 10, 15 మీటర్లు మించదు గనుక నష్టం లెక్కలోకి రాదు. ఒకే కార్యక్రమానికి రెండూ కావలసి వస్తే రెండు వేర్వేరు యాంప్లిఫయర్లు పెట్టాలి.

తీర ప్రాంతపు ఉప్పు గాలి, తేమ వల్ల టెర్మినళ్లు చిలుము పట్టి అతుకుల దగ్గర అదనపు నిరోధం చేరుతుంది. తక్కువ ఓమ్‌ల బాక్సులకు ఇది పెద్ద నష్టం. 100 వోల్టుల లైనులో శబ్దం అంతగా తగ్గదు గాని, తడి నేల మీద ఇన్సులేషన్ చెడిన అతుకు షాక్ కొట్టగలదు. కొబ్బరిచెట్లకు కట్టే లైనులో అతుకులకు టేపు చుట్టడం, యాంప్లిఫయరు ఆపాకే వైరు ముట్టుకోవడం తప్పనిసరి.

వాట్లు, వేడి

ఓమ్‌లు సరిపోయాక వాట్లు చూడాలి. 4 ఓమ్‌ల బాక్సుకు యాంప్లిఫయరు 4 ఓమ్‌ల దగ్గర ఇచ్చే వాట్లనే పోల్చాలి; పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ వాట్ల) అంకెలు పోలికకు పనికిరావు. చిన్న యాంప్లిఫయరును చివరిదాకా తిప్పితే తరంగం పైభాగం నరుక్కుపోయి క్లిప్పింగ్ మొదలవుతుంది. అప్పుడు హెచ్చు పౌనఃపున్యాల శక్తి పెరిగి ట్వీటరు ముందుగా కాలుతుంది.

రాగి నిరోధం ఒక్కో డిగ్రీ సెల్సియస్‌కు దాదాపు 0.39 శాతం పెరుగుతుంది. వాయిస్ కాయిల్ 200 డిగ్రీలు వేడెక్కితే దాని నిరోధం సుమారు 1.8 రెట్లవుతుంది. అదే వోల్టేజికి కరెంటు సగానికి దగ్గరగా తగ్గుతుంది, శబ్దం దిగుతుంది. శబ్దం తగ్గిందని వాల్యూం పెంచితే కాయిల్ మరింత వేడెక్కుతుంది. వేసవి పెళ్లిళ్లలో గంటల తరబడి నడిచే బేస్ బాక్సులు పోయే దారుల్లో ఇది ముఖ్యమైనది.

తనిఖీ

కార్యక్రమానికి ముందు యాంప్లిఫయరు నుంచి వైరు తీసి, దాని కొసల మధ్య మల్టీమీటరు పెట్టి చూస్తే చాలా లోపాలు బయటపడతాయి. ఒక 8 ఓమ్‌ల బాక్సుకు 6 దగ్గర, రెండింటికి 3 దగ్గర, నాలుగింటికి 1.5 దగ్గర అంకె కనిపించాలి. సున్నాకు చేరువైతే ఎక్కడో లఘువలయం, అంకె రాకపోతే తీగ తెగింది. 100 వోల్టుల లైనుకు ఈ పరీక్ష చాలదు. మల్టీమీటరు ట్రాన్స్‌ఫార్మరు చుట్ట నిరోధాన్ని మాత్రమే చూపుతుంది. అక్కడ 1 కిలోహెర్ట్జ్ దగ్గర కొలిచే ఇంపీడెన్స్ మీటరు కావాలి. 200 వాట్ల లైనుకు అది 50 ఓమ్‌ల దగ్గర చూపితే లెక్క సరిపోయినట్టే.

ప్లస్, మైనస్‌లు తారుమారైతే ఓమ్‌లు మారవు గాని పక్కపక్కనున్న బాక్సుల బేస్ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటుంది. 1.5 వోల్టుల బ్యాటరీ ప్లస్‌ను స్పీకరు ప్లస్‌కు ఒక్క క్షణం తాకిస్తే కోను ముందుకు రావాలి.

చట్టం

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. పండుగలు, సాంస్కృతిక కార్యక్రమాల కోసం ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా రాష్ట్ర ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చు. నివాస ప్రాంతాలకు పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, న్యాయస్థానాల చుట్టూ 100 మీటర్ల వరకు నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. ఒకచోట పెద్ద శబ్దం పెట్టడం కన్నా తక్కువ వాట్ల హారన్లు ఎక్కువ చోట్ల పంచడం ఈ పరిమితులకు దగ్గరగా ఉండే మార్గం.

మొత్తం మీద జోడింపుకు వరస ఇది: ముందు దూరం కొలవాలి, దాన్ని బట్టి తక్కువ ఓమ్‌ల బాక్సులా, 100 వోల్టుల లైనా తేల్చుకోవాలి, బాక్సులైతే ఓమ్‌ల లెక్క, లైనైతే వాట్ల లెక్క కట్టాలి, ఆ తర్వాతే యాంప్లిఫయరు ఎంచుకోవాలి. యాంప్లిఫయరు ముందు కొని దానికి దొరికిన బాక్సులన్నీ తగిలించే పద్ధతిలో మరమ్మతు ఖర్చే మిగులుతుంది.